మోకాళ్ల నొప్పికని మందపాటి యోగా మ్యాట్ కొన్నాను, దాని మీద నిలబడలేకపోతున్నాను. ఏది కొనాలి? ఎలా కాపాడుకోవాలి?

పద్మజ_టీచర్ (గుంటూరు)
ఏప్రిల్ 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజంతా నిలబడే ఉద్యోగం కదా, రెండేళ్లుగా కుడి మోకాలు పట్టేస్తోంది. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, అరుగుదల మొదలైంది గానీ భయపడాల్సింది లేదు, తొడ కండరాలకి బలం వచ్చేలా ఏదో ఒక వ్యాయామం చేయమన్నారు. మా వీధి చివర పార్కులో ఉదయం ఐదున్నరకి ఒక అమ్మాయి యోగా నేర్పుతుంటే ఫిబ్రవరిలో చేరాను.

మోకాలు నేలకి ఆనితే చాలు, ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకని ఆన్‌లైన్‌లో వెతికి, ఉన్నవాటిలో అన్నిటికన్నా మందమైనది, 13 మి.మీ.ది తెప్పించాను. 650 రూపాయలు. చేత్తో నొక్కితే దూదిపరుపులా దిగుతుంది. మొదటి వారం చాలా సంతోషపడ్డాను. వృక్షాసనం మొదలుపెట్టాక అసలు బాధ తెలిసింది. ఒంటికాలి మీద నిలబడగానే మడమ లోపలికి కూరుకుపోతుంది, చీలమండ అటూ ఇటూ వణుకుతుంది. పార్కులో సిమెంటు గచ్చు మీద ఇరవై లెక్కపెట్టేదాకా నిలబడగలను. మ్యాట్ ఎక్కితే మూడు లెక్కపెట్టేలోపే కాలు దించేస్తున్నాను. చేతులు, మోకాళ్ల మీద పిల్లిలా వంగే మార్జాలాసనంలో మణికట్లు లాగేస్తున్నాయి.

రెండో సంగతి. చెమట వాసన వస్తోందని ఉగాదికి ఇల్లు కడిగినప్పుడు దీన్నీ సబ్బుపొడి నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, మేడ మీద పిట్టగోడకి వేసి సాయంత్రం దాకా ఎండబెట్టాను. ఎండ తగిలిన వైపు రంగు వెలిసింది. గోరుతో గీస్తే పొడి రాలుతోంది. పిట్టగోడ అంచు ఒత్తుకున్న చోట అడ్డంగా చీలింది.

ఇప్పుడు కొత్తది కొనక తప్పదు. రెండు వేల దాకా పెట్టగలను. మోకాలికి మెత్తగా ఉండాలి, కాలికి గట్టిగా ఉండాలి. రెండూ ఒకే దాంట్లో దొరుకుతాయా? ఈసారి పాడుచేసుకోకుండా ఎలా ఉతకాలో కూడా చెప్పండి.

---

కూకట్‌పల్లి_కిరణ్
ఏప్రిల్ 19, రాత్రి 10:15

మేడమ్, నాదీ అదే కథ. నేను 10 మి.మీ.ది కొన్నాను. సూర్య నమస్కారాల్లో కాలు వెనక్కి వేయగానే మ్యాట్ మొత్తం సాగి ముడతలు పడుతోంది. ఎవరైనా వివరంగా చెబితే నాకూ పనికొస్తుంది.

---

వాణి_యోగా (విశాఖపట్నం)
ఏప్రిల్ 20, ఉదయం 8:05

పద్మజ గారూ, పద్నాలుగేళ్లుగా యోగా నేర్పుతున్నాను. కొత్తగా చేరేవాళ్లలో నలభై దాటిన ఆడవాళ్లు ముక్కాలు మంది ముందు చేసే పని మీరు చేసిందే. మందం ఎక్కువైతే హాయిగా ఉంటుందనుకుంటాం. ఆ మందపాటి మ్యాట్లు పడుకుని చేసే వ్యాయామాలకి, నడుం కింద వేసుకోవడానికి బాగానే ఉంటాయి. నిలబడే ఆసనాలకి మాత్రం పనికిరావు. నిలబడ్డప్పుడు బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, ఈ మూడూ నేలని పట్టుకుంటేనే ఒళ్లు నిలుస్తుంది. కింద నేల కదులుతుంటే చీలమండ దాన్ని సర్దుకోవడానికే ఊగుతుంది, ఆ ఊపు పోయి మోకాలి మీద పడుతుంది. అంటే మోకాలి కోసం కొన్న మెత్తదనమే మోకాలికి చేటవుతోంది.

మణికట్టు నొప్పి సంగతీ అంతే. అరచేతి మడమ మ్యాట్‌లోకి దిగిపోయి వేళ్లు పైకి లేస్తాయి. మణికట్టు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వంగుతుంది.

మీరడిగిన దానికి సమాధానం: రెండూ ఒకే మ్యాట్‌లో దొరకవు, దొరకాల్సిన పనీ లేదు. 4 నుంచి 6 మి.మీ. మందంలో, నొక్కితే గట్టిగా ఉండేది కొనండి. మోకాలు ఆనించే ఆసనాలు ఎన్ని ఉంటాయి? ఉష్ట్రాసనం, మార్జాలాసనం, అశ్వ సంచాలనాసనం, అంతేగా. అప్పుడు మాత్రం మోకాలి కింద నాలుగు మడతల దుప్పటి వేసుకోండి. ఇది నేను కనిపెట్టిన ఉపాయం కాదు. పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ గారి పద్ధతిలో మడత దుప్పట్లు, చెక్క దిమ్మెలు, పట్టీలు లేకుండా తరగతే నడవదు. మెత్తదనం ఎక్కడ కావాలో అక్కడ పెట్టుకోవాలి, కాలి కింద మాత్రం స్థిరంగా ఉండాలి.

పొడవు సంగతి కూడా చూసుకోండి. మామూలుగా దొరికేవి 24 అంగుళాల వెడల్పు, 68 అంగుళాల పొడవు, అంటే 173 సెంటీమీటర్లు. మీకు సరిపోతుంది. ఐదడుగుల ఎనిమిదంగుళాలు దాటిన మగపిల్లలు 72 అంగుళాలకి తగ్గకుండా తీసుకోవాలి. లేకపోతే శవాసనంలో తల మ్యాట్ మీదుంటే మడమలు గచ్చు మీదుంటాయి.

కొట్లో కొనేటట్టయితే ఇలా చూడండి. ఒక మూల పరిచి బొటనవేలితో పది సెకన్లు బలంగా నొక్కి వదలండి. గుంట వెంటనే పూడుకుంటే మంచి మ్యాట్. గుంట అలాగే ఉండిపోతే నెల రోజుల్లో మీ మడమలు పెట్టే చోట శాశ్వతంగా పల్లం పడుతుంది. తర్వాత అరచేతిని కొంచెం తడి చేసుకుని మ్యాట్ మీద ముందుకి తోయండి. చెయ్యి ఆగాలి. పొడి చేత్తో ఏ మ్యాట్ అయినా ఆగుతుంది, అది పరీక్ష కాదు.

---

ఓరుగల్లు_మగ్గం
ఏప్రిల్ 20, ఉదయం 11:30

పద్మజక్కా, నమస్తే. మాది ఓరుగల్లు, కొత్తవాడ. మా నాయిన, పెదనాయిన ఇద్దరూ జంపఖానాలు నేసినోళ్లే. వరంగల్ జంపఖానాకు 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చింది, మీకు తెలిసే ఉంటది. నా మాట ఏందంటే, ఈ ప్లాస్టిక్, రబ్బరు ఇయన్నీ ఎందుకు? మంచి నూలు జంపఖానా ఒకటి తీస్కోండ్రి. చెమట పీల్చుకుంటది, వాసన రాదు, ఉతుకుతే కొత్తదాని లెక్క అయితది. మీరు ఎండలేసినా ఏం గాదు, అసలు నూలుకు ఎండనే మంచిది. మా ఇంట్ల ఇరవై ఏండ్లది ఇంకా ఉన్నది.

---

కూకట్‌పల్లి_కిరణ్
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:10

అన్నా, మా ఫ్లాట్‌లో అంతా విట్రిఫైడ్ టైల్స్. జంపఖానా వేసి, చేతులూ పాదాలూ నేలకి ఆనించి నడుం పైకెత్తే అధోముఖ శ్వానాసనం చేస్తే జంపఖానాతో సహా జారిపోతాను కదా?

---

ఓరుగల్లు_మగ్గం
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 3:45

తమ్మీ, నువ్వు చెప్పింది కరెక్టే. మా ఇంట్ల గచ్చు గరుకుగ ఉంటది కాబట్టి నాకు ఆ ఇబ్బంది రాలే. టైల్స్ మీద ఒట్టి జంపఖానా జారుతది, ఒప్పుకుంట. ఇప్పుడు కొందరు నేసేటోళ్లు అడుగున రబ్బరు పూత పెట్టిచ్చి యోగా కోసమని అమ్ముతుండ్రు. లేదంటే అడుగున పల్చటి రబ్బరు మ్యాట్ ఏసి మీద జంపఖానా పరుచుకో.

---

వాణి_యోగా (విశాఖపట్నం)
ఏప్రిల్ 20, సాయంత్రం 6:20

ఓరుగల్లు తమ్ముడు చెప్పిన రెండో పద్ధతి మైసూరులో ఎప్పటినుంచో ఉంది. పట్టాభి జోయిస్ గారి అష్టాంగ పద్ధతిలో ఒంట్లోంచి చెమట ధారకడుతుంది. అక్కడ కింద రబ్బరు మ్యాట్, పైన నూలు రగ్గు వేసుకుంటారు. మైసూర్ రగ్గు అనే పేరే వచ్చింది దానికి. ఒక్క జాగ్రత్త ఉంది. నూలు పొడిగా ఉన్నప్పుడు అరచెయ్యి జారుతుంది, తడిస్తేనే పట్టు వస్తుంది. అందుకని మొదలుపెట్టే ముందు చేతులు, పాదాలు ఆనించే చోట నీళ్లు చిలకరించుకోవాలి.

---

పాలిమర్_ప్రసాద్ (చెన్నై)
ఏప్రిల్ 20, రాత్రి 10:50

నేను రబ్బరు విడిభాగాలు చేసే కర్మాగారంలో పనిచేస్తున్నాను. పద్మజ గారి మ్యాట్ ఎందుకలా అయ్యిందో చెబుతాను. కారణం తెలిస్తే మళ్లీ జరగదు.

ఆ ధరలో, ఆ మందంలో వచ్చేవి సాధారణంగా ఎన్‌బీఆర్ (నైట్రైల్ రబ్బరు) నురగతో చేసినవి. ముద్దలోకి గాలి బుడగలు ఎక్కించి ఉబ్బిస్తారు. మందంలో ఎక్కువ భాగం గాలే. అందుకే అంత పెద్ద చుట్ట ఉన్నా చంకలో పెట్టుకుంటే బరువే తెలియదు. బుడగల గోడలు చాలా పల్చగా ఉంటాయి. బ్రష్షుతో రుద్దితే చిరుగుతాయి. ఇక ఎండ. రబ్బరు జాతి పదార్థాల్లో పొడవైన గొలుసుల్లాంటి అణువులుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఆ గొలుసుల్ని తెంపేస్తాయి. పాత సైకిల్ టైరు పక్కల్లో సన్నటి పగుళ్లు చూసుంటారు, అదీ ఇలాంటిదే. టైరుకి నలుపు రంగునిచ్చే కార్బన్ బ్లాక్ ఎండని కొంత అడ్డుకుంటుంది. ఊదా రంగు, గులాబీ రంగు మ్యాట్లకి ఆ రక్షణ కూడా ఉండదు. ఏప్రిల్ ఎండలో పిట్టగోడ మీద ఒక్క రోజు ఉంచడం అంటే నీడలో ఎన్నో నెలలు వాడినంత అరుగుదల.

ఇప్పుడు ఏది దేనితో చేస్తారో చెబుతాను.

పీవీసీ: అన్నిటికన్నా మన్నికైనది, పదేళ్లు వాడినవాళ్లు ఉన్నారు. కానీ పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం, నీళ్ల పైపు చూశారుగా. దాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్లు కలుపుతారు. వాటిలో థాలేట్లు అనే రకం మీద ఆరోగ్యపరమైన అభ్యంతరాలున్నాయి. థాలేట్లు లేవని స్పష్టంగా రాసి ఉన్నది చూసి తీసుకోండి. పాతబడ్డ పీవీసీ మీద జిగట తేలడానికి కారణం ఆ మెత్తబరిచే నూనె పైకి రావడమే.

టీపీఈ (థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్): తేలిక, వాసన తక్కువ, మీ రెండు వేలలో మంచిదే వస్తుంది. 6 మి.మీ.ది కిలో దగ్గరలో ఉంటుంది. దీనికి శత్రువు వేడి. వేడికి మెత్తబడి మళ్లీ అచ్చుపోయడానికి వీలయ్యే పదార్థం కాబట్టే దానికి ఆ పేరు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే ఆకారం పోతుంది.

సహజ రబ్బరు: పట్టు విషయంలో దీనికి సాటి లేదు. బరువు ఎక్కువ, 5 మి.మీ.ది రెండున్నర కిలోల దాకా తూగుతుంది. ధర కూడా మీ రెండు వేలు దాటుతుంది. ఎండ, నూనె రెండూ పడవు. కొత్తలో వచ్చే ఘాటు వాసన రబ్బరుని గట్టిపరచడానికి వేసే గంధకానిది, ఇతర రసాయనాలది. గాలి ఆడే నీడలో వారం పది రోజులు పరిచి ఉంచితే చాలావరకు పోతుంది. రబ్బరు బెలూన్లు, చేతి తొడుగులు తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లకూడదు.

కార్క్: పైన బెండు, కింద రబ్బరు. చెమట పట్టేకొద్దీ పట్టు పెరుగుతుంది. చెమట పట్టనివాళ్లకి మొదట్లో జారినట్టుంటుంది.

పద్మజ గారూ, నన్నడిగితే రోజూ పార్కు దాకా మోసుకెళ్లాలి కాబట్టి 6 మి.మీ. టీపీఈ.

---

సుశీలమ్మ (అమలాపురం)
ఏప్రిల్ 21, ఉదయం 5:55

అమ్మాయ్ పద్మజా, నాకు 71. ముప్ఫై ఏళ్లుగా ప్రాణాయామం, తేలికపాటి ఆసనాలు చేస్తున్నాను. కింద తుంగచాప, దాని మీద నేత దుప్పటి, ఇంతే. గీతలో ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునే చోటు ఎలా ఉండాలో చెబుతూ దర్భలు, జింక చర్మం, వస్త్రం ఒకదాని మీద ఒకటి వేయమన్నారు. ఆసనం మరీ ఎత్తూ కాకూడదు, మరీ పల్లమూ కాకూడదు, స్థిరంగా ఉండాలి అని కూడా అక్కడే ఉంది. వాణి చెప్పింది చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

కూర్చుని చేసేవాటికి చాపే హాయి తల్లీ. వేసంగిలో ఒంటికి చల్లగా ఉంటుంది. నిలబడి కాళ్లు చాపి చేసేవాటికి మాత్రం చాప జారుతుంది, నువ్వు వద్దు. మోకాలికి ఆ పుల్లలు గుచ్చుకుంటాయి కూడా.

---

నిర్వాహకులు
ఏప్రిల్ 21, ఉదయం 9:00

చర్చ బాగా సాగుతోంది. అమ్మకపు లింకులు పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. కంపెనీ పేర్లు లేకుండా ఏ పదార్థం, ఎంత మందం అనే దాని మీదే మాట్లాడుకుందాం.

---

కాకినాడ_శీను
ఏప్రిల్ 21, రాత్రి 8:30

నాదో సమస్యండి. నాకు అరచేతులకి చెమటలు బాగా పడతాయి. మా ఊరి ఉక్కపోతకి తెల్లారి ఐదింటికి కూడా ఒళ్లు తడిసిపోద్ది. పీవీసీ 5 మి.మీ. కొని పదిహేను రోజులైంది. అధోముఖ శ్వానాసనంలో చేతులు అంగుళం అంగుళం ముందుకి జారిపోతున్నాయండి. భుజాలు బిగబట్టి ఆపుకోవాల్సొస్తంది. మ్యాట్ మార్చేయాలా?

---

వాణి_యోగా (విశాఖపట్నం)
ఏప్రిల్ 21, రాత్రి 9:15

శీను గారూ, అప్పుడే మార్చకండి. కొత్త పీవీసీ మ్యాట్ మీద తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది, అది జారిస్తుంది. సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు తుడిచి ఆరబెట్టండి. అయినా జారితే, మ్యాట్ నిండా రాళ్ల ఉప్పు చల్లి, తడి బ్రష్షుతో మెల్లగా రుద్ది, ఒక రోజంతా వదిలేసి కడిగేయండి. గట్టి పీవీసీకి మాత్రమే ఇది. టీపీఈ మీద, సహజ రబ్బరు మీద ఉప్పు పోయకండి.

ఆ తర్వాత కూడా చెమట నిలుస్తుంటే పైన మైక్రోఫైబర్ తువ్వాలు పరుచుకోండి, తడిసేకొద్దీ పట్టు ఇస్తుంది.

ఇంకొక మాట. అసలు యోగాకి ఈ జారని మ్యాట్ వచ్చిందే పట్టు కోసం. 1960ల చివర్లో జర్మనీలో యోగా నేర్పుతున్న ఏంజెలా ఫార్మర్ అనే ఆవిడకి చిన్నప్పుడు జరిగిన ఆపరేషన్ వల్ల అరచేతులకి, పాదాలకి చెమట పట్టేది కాదు. పొడి చేతులు నేల మీద జారేవి. తివాచీ జరక్కుండా అడుగున పరిచే నురగ రబ్బరు ముక్కని కోసుకుని దాని మీద చేయడం మొదలుపెట్టారు. అది చూసి విద్యార్థులూ అడగడం, అలా పాకింది. మెత్తగా ఉండాలని ఎవరూ మొదలుపెట్టలేదు.

---

చర్మం_పదిలం
ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:40

చర్మవ్యాధుల విభాగంలో నర్సుగా చేస్తున్నాను. ఒక్క మాట చెప్పాలనిపించింది. తరగతిలో ఉమ్మడిగా వాడే మ్యాట్లు ఉంటే మీ సొంతది తీసుకెళ్లండి, కుదరకపోతే పైన మీ దుప్పటి వేసుకోండి. తామర, వేళ్ల సందుల్లో పాచి, పాదాల పులిపిర్లు ఇవన్నీ తడి ఆరని చోట్ల నుంచి అంటుకునేవే. వేసవి ముగిసి వానలు మొదలయ్యాక తామర కేసులు పెరుగుతాయి. చెమటతో ఉన్న మ్యాట్‌ని అలాగే చుట్టి సంచిలో పెట్టి, మర్నాడు విప్పడమే చాలామంది చేస్తున్న తప్పు. చేసిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఓ అరగంట విప్పి ఉంచి, అప్పుడు చుట్టండి. ఆసనాలకి ముందు కాళ్లు కడుక్కుని తుడుచుకుంటే మ్యాట్ సగం మురికి తగ్గుతుంది.

మీ ఒంటి మీద గుండ్రటి దురద మచ్చ కనిపిస్తే అది తగ్గేదాకా మ్యాట్ ఎవరికీ ఇవ్వకండి, డాక్టరుకి చూపించండి. షాపులో అడిగి ఏదో ఒక క్రీము పూసుకోకండి.

---

పద్మజ_టీచర్ (గుంటూరు)
ఏప్రిల్ 22, రాత్రి 9:20

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ప్రసాద్ గారూ, ఒక సందేహం తీరడం లేదు. మాకు చిన్నప్పటినుంచీ ఎండ తగలనిది శుభ్రమే కాదు. పరుపులు, దిండ్లు, ఊరగాయ జాడీలు, కారం, పప్పులు అన్నీ ఎండలో పెట్టి లోపలికి తెచ్చుకుంటాం. మా అత్తగారు ఇప్పటికీ ఎండ చూపించని దుప్పటి కప్పుకోరు. మరి ఎండ లేకుండా మ్యాట్‌లో సూక్ష్మక్రిములు ఎలా పోతాయి? డెటాలో ఫినాయిలో కలిపితే?

---

పాలిమర్_ప్రసాద్ (చెన్నై)
ఏప్రిల్ 22, రాత్రి 11:05

మీ అత్తగారి మాట దూదికి, నూలుకి, పప్పుకి నూటికి నూరుపాళ్లు నిజమండి. అవి ఎండని తట్టుకుంటాయి. రబ్బరు, టీపీఈ తట్టుకోలేవు. ఎండ క్రిముల్ని చంపే ముందే మ్యాట్‌ని చంపేస్తుంది. క్రిములు పెరగడానికి కావాల్సింది తడి, మురికి. ఆ రెండూ తీసేస్తే చాలు, చంపాల్సిన అవసరం రాదు.

ఫినాయిల్, యాంటీసెప్టిక్ ద్రావణాలు, బ్లీచింగ్ నీళ్లు, స్పిరిట్ ఏవీ వద్దు. సువాసన నూనెలు కలిపిన స్ప్రేలు అమ్ముతారు, సహజ రబ్బరు మీద అవి కూడా వద్దు. నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కాళ్లకి కొబ్బరినూనె రాసుకుని మ్యాట్ ఎక్కే అలవాటుంటే మానుకోండి.

నేను ఇంట్లో చేసేది: అరలీటరు నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు, ఎక్కువ వద్దు. పాత నూలు బనీను ముక్క ముంచి, గట్టిగా పిండి, మ్యాట్ నేల మీద పరిచి తుడవడం. తర్వాత ఇంకో గుడ్డతో ఒట్టి నీళ్లతో రెండుసార్లు. రెండోసారి తుడిచాక అరచెయ్యి తడి చేసి మ్యాట్ మీద గుండ్రంగా తిప్పి చూడండి. తెల్లగా నురగ కనిపిస్తే సబ్బు ఇంకా ఉన్నట్టు, ఇంకోసారి తుడవాలి. సబ్బు మిగిలితే మర్నాడు చెయ్యి జారుతుంది, మ్యాట్ పాడైందని పొరబడతాం. వారానికోసారి ఇలా చేస్తే నానబెట్టే పని ఉండదు. వాషింగ్ మెషిన్‌లో వేస్తే మెలిపెట్టి చింపేస్తుంది.

ఆరేయడానికి తాడు వద్దు, తాడు దగ్గర గాడి పడుతుంది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా పెట్టి వాటి వీపుల మీద దుప్పటి వేసి, దాని మీద మ్యాట్ పరిచి, ఫ్యాను వేయండి.

---

కడప_రఫీ
ఏప్రిల్ 23, ఉదయం 7:00

చుట్టేటప్పుడు పై వైపు బయటికి వచ్చేట్టు చుట్టండి. చాలామంది లోపలికి చుడతారు. అప్పుడు పరిచినప్పుడు రెండు కొసలూ పైకి లేచి కాళ్లకి తగులుకుంటాయి. నేను ఒకసారి తట్టుకుని పడబోయాను. బయటికి చుట్టినప్పటినుంచి కొసలు నేలకి అతుక్కుంటున్నాయి. దుమ్ము పడకుండా పాత లుంగీతో సంచి కుట్టించాను, గాలి కూడా ఆడుతుంది.

---

డాలస్_అనూరాధ
ఏప్రిల్ 23, రాత్రి 11:48

ఇక్కడ గ్యారేజీలో మ్యాట్ పెట్టుకునేవాళ్లం. జులైలో గ్యారేజీ పొయ్యిలా ఉంటుంది, మా టీపీఈ మ్యాట్ మీద చుట్ట గీతలు అచ్చుపడిపోయాయి. ఇప్పుడు మంచం కింద పరిచి ఉంచుతున్నాను. చుట్టాల్సిన పనే లేదు. ఇంట్లో చోటున్నవాళ్లు ఇలా చేయొచ్చు.

---

కూకట్‌పల్లి_కిరణ్
ఏప్రిల్ 24, ఉదయం 9:30

చెరువుల్లో పెరిగే గుర్రపు డెక్క మొక్కతో కూడా మ్యాట్లు చేస్తున్నారని చదివాను. గువాహటి దగ్గర దీపోర్ బీల్ చెరువు ఒడ్డున జాలరి కుటుంబాల అమ్మాయిలు ఆరుగురు చేసిందట. ఎవరైనా వాడారా?

---

వాణి_యోగా (విశాఖపట్నం)
ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:10

అవును కిరణ్, 2021లో వార్తల్లో వచ్చింది. చెరువులో పెరిగే నీలి కోడి పేరు మీదుగా మూర్‌హెన్ మ్యాట్ అన్నారు. డెక్క తీసి ఎండబెట్టి, మగ్గం మీద నేస్తారు, మట్టిలో కలిసిపోతుంది. నా చేతికి రాలేదు కాబట్టి పట్టు గురించి చెప్పలేను. మన చెరువుల నిండా అదే డెక్క. చూసినప్పుడల్లా మన దగ్గరా ఎవరైనా పూనుకుంటే బాగుండు అనిపిస్తుంది.

---

ఓరుగల్లు_మగ్గం
ఏప్రిల్ 24, సాయంత్రం 5:00

వాణక్కా, మంచి మాట చెప్పిన్రు. నార గట్టిగుంటే నేయొచ్చు. మా కాడ మగ్గాలున్నయ్, నేసే చేతులున్నయ్, అడిగేటోళ్లే తక్కువైతున్నరు.

---

పద్మజ_టీచర్ (గుంటూరు)
జూన్ 30, రాత్రి 8:55

రెండు నెలల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. వాడి చూడకుండా రాయడం బాగుండదని ఆగాను.

గుంటూరులోనే ఒక ఆటసామాన్ల కొట్టుకి వెళ్లాను. వాణి గారు చెప్పినట్టు నాలుగు మ్యాట్లు విప్పించి బొటనవేలితో నొక్కి చూశాను. ఒకదాంట్లో నా వేలి గుంట అలాగే ఉండిపోయింది, అది నా పాత మ్యాట్ కన్నా 400 ఎక్కువ ధర. చివరికి 6 మి.మీ. టీపీఈ, 1,350 రూపాయలకి తీసుకున్నాను. కిలో లోపే ఉంది, పార్కు దాకా మోయడం కష్టంగా లేదు. మిగిలిన డబ్బుకి కొంత వేసి ఓరుగల్లు తమ్ముడు చెప్పిన జంపఖానా తెప్పించుకున్నాను. ఎర్ర అంచు, నీలం చారలు. చిన్న సైజుది, మోకాలి కిందకి నాలుగు మడతలు వేస్తే సరిగ్గా సరిపోతోంది. ప్రాణాయామానికి దాన్నే విప్పి మ్యాట్ మీద పరుచుకుంటున్నాను. అది ఆదివారం ఆదివారం ఎండ చూస్తోంది, మా అత్తగారికీ సంతృప్తి.

మొదటి రోజు మ్యాట్ మీద నిలబడి కుడికాలు ఎత్తాను. కిందకి చూశాను. ఎడమ పాదం వేళ్లు ఐదూ విచ్చుకుని మ్యాట్‌ని పట్టుకుని ఉన్నాయి. మడమ చుట్టూ పాత మ్యాట్‌లో కనిపించే గుంట లేదు. ఇరవై ఎనిమిది దాకా లెక్కపెట్టాను. నేర్పే అమ్మాయి వచ్చి నా చీలమండ పట్టుకుని చూసి, "టీచరుగారూ, వణకడం లేదు" అంది. మోకాలి నొప్పి పూర్తిగా పోలేదు గానీ మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా దిగుతున్నాను.

శనివారం సాయంత్రం రెండు చుక్కల సబ్బుతో తుడుస్తున్నాను. నురగ పరీక్షలో మొదటి వారం నిజంగానే తెల్లగా వచ్చింది, మూడోసారి తుడిస్తే పోయింది.

వానలు మొదలయ్యాయి, పార్కులో బురద. ఇంట్లో చేసుకుంటున్నాను. తుడిచాక ఫ్యాను కింద రెండు గంటలుంచినా తడిగానే అనిపిస్తోంది. ఏం చేయాలి? పాత 13 మి.మీ. మ్యాట్‌ని ఏం చేయాలో కూడా చెప్పండి. చెత్తబండికి వేయడానికి మనసొప్పడం లేదు.

---

సుశీలమ్మ (అమలాపురం)
జులై 1, ఉదయం 6:10

ఇరవై ఎనిమిదా! చల్లగా ఉండు తల్లీ.

---

పాలిమర్_ప్రసాద్ (చెన్నై)
జులై 1, రాత్రి 9:40

వానాకాలంలో గుడ్డని ఇంకా గట్టిగా పిండండి, దాదాపు పొడిగా ఉండాలి. తుడిచిన వెంటనే మ్యాట్ మీద పొడి తువ్వాలు పరిచి, రెండూ కలిపి చుట్టి, చుట్ట మీద చేతులతో బలంగా నొక్కండి. తువ్వాలు తడిని లాగేసుకుంటుంది. అప్పుడు విప్పి ఫ్యాను కింద వేస్తే అరగంట చాలు.

పాతది మధ్యలో చీలిందన్నారుగా, చీలిక దగ్గరే కోసేయండి. ఒక ముక్క వెట్ గ్రైండర్ కింద వేయండి, అదురు తగ్గుతుంది, గట్టు మీద జరగదు. ఇంకో ముక్క గడప దగ్గర ముగ్గు వేసేటప్పుడు మోకాలి కింద పెట్టుకోండి. ఎండ తగలని వైపు పైకి పెట్టుకోండి, అటు పొడి రాలదు.

---

పద్మజ_టీచర్ (గుంటూరు)
జులై 3, ఉదయం 7:25

గ్రైండర్ కింద వేశానండి. ముగ్గు ముక్క మా అత్తగారు తీసేసుకున్నారు, దేవుడి గదిలో దీపం పెట్టేటప్పుడు వేసుకుంటున్నారు. నాకు ఇంకో ముక్క మిగిలింది.